యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త, జీవరసాయన శాస్త్రవేత్త. గోదావరి డెల్టాలోని భీమవరంలో జన్మించి, రాజమండ్రిలోను మద్రాసులోను చదివి, జీవితంలోని చివరి పాతికేళ్ళు అమెరికాలో పరిశోధనలకు అంకితం చేశాడు. శరీరంలోని కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొనడం, బోదకాలు వ్యాధికి మందు తయారు చేయించడం ఈయన పేరుతో అందరికీ గుర్తుకు వచ్చే విషయాలు. అంతగా ప్రచారంలోకి రాని మరొక విషయం ప్రసూతి వైద్యంలో ఈయన పరిశోధనలకున్న స్థానం. గర్భిణులకు నేడు ప్రతి ఆసుపత్రిలోను ఇచ్చే ఫోలిక్ ఆమ్లం ఈయన నాయకత్వంలోని పరిశోధక బృందం కృత్రిమంగా తయారు చేసినదే. ఆ విటమినుకు విరోధంగా పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా అదే ప్రయోగశాల నుండి వెలువడింది. ముత్యాల గర్భం తరువాత వచ్చే కాన్సరు, గర్భసంచి వెలుపల నిలిచే గర్భం వంటి అరుదైన ఉపద్రవాలలో ఈ రెండవ మందు అసంఖ్యాకమైన స్త్రీల ప్రాణాలు కాపాడింది. ఈ ఫలితాలలో అధికభాగం సుబ్బారావు మరణించిన తరువాతనే లోకానికి తెలిశాయి.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవాడు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట వలన భీమవరం ప్రాంతానికి కాలువ నీరు అంది, ఆ ప్రాంతం సస్యశ్యామలమైంది. అయితే ఆ పచ్చదనం ప్రతి ఇంటికీ కలిమిని తెచ్చిపెట్టలేదు. రెవెన్యూ శాఖలో చిరుద్యోగి అయిన జగన్నాథం అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి వచ్చింది. దానితో కుటుంబం ఇబ్బందులపాలైంది.

సుబ్బారావుకు చిన్నతనంలో చదువుపై కంటె డబ్బు సంపాదనపై ఆసక్తి ఎక్కువగా ఉండేది. పదమూడేళ్ళ వయసులో కాశీకి వెళ్ళి, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసుకువచ్చారు. తండ్రి మరణించిన తరువాత తల్లి తన నగలు అమ్మి అతని చదువు కొనసాగించింది. ధవళేశ్వరానికి ఎగువన కొద్దిమైళ్ళ దూరంలో ఉన్న రాజమండ్రిలో అతడు ఉన్నత పాఠశాలలో చేరాడు. ఆ రోజుల్లో బంధువుల మరణాలు అతని మనస్సును కలచివేశాయి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే కాలంలో సుబ్బారావు రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యాసం స్వీకరించాలని తలచాడు. అందుకు తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయగల వైద్యవిద్యను అభ్యసించమని మఠంలోని పెద్దలు సలహా ఇచ్చారు. గణితంలో అభిరుచి ఉన్నప్పటికీ ఆ సలహాను పాటించి 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్యవిద్య, వివాహం

వైద్య కళాశాలలో చదువు మిత్రుల సహాయంతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయంతోను సాగింది. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది. అది జాతీయోద్యమం ఊపందుకొంటున్న కాలం. గాంధీ పిలుపునందుకొని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచిపెట్టి, శస్త్రచికిత్స శాలలో కూడా ఖద్దరు కోటునే ధరించాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయునికి ఆగ్రహం కలిగించింది. రాతపరీక్షలలో బాగా రాసినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే అధ్యాపకుడుగా చేరాడు. ఈ కాలంలోనే ఆయన సోదరులు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలో మరణించారు. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. విరేచనాలతో, నోటిపూతతో, రక్తహీనతతో రోగి క్షీణించిపోతాడు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకింది. లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద ఔషధంతో ఆయన కోలుకున్నాడు. ఆధునిక వైద్యంలో మందు లేని ఈ రోగానికి మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో అప్పటినుండి బలపడింది. ఈ స్ప్రూ రోగులలో కనిపించే రక్తహీనత, గర్భిణులలో కనిపించే ఒక విధమైన రక్తహీనత ఒకే లోపం వలన కలుగుతాయని అప్పటికి ఎవరికీ తెలియదు.

అమెరికా ప్రయాణం, పుత్రవియోగం

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని సుబ్బారావు సంకల్పించాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సహాయం, మామగారు సమకూర్చిన ధనం ఆయన ప్రయాణానికి ఆధారమయ్యాయి. 1920ల తొలినాళ్ళలో బోస్టన్ నగరం చేరుకొని, 1924 నాటికి అక్కడి ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా పొందాడు. అమెరికాలో వైద్యవృత్తి చేయడానికి ఆయన పట్టా చాలలేదు. పొట్ట గడవడానికి రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచే పని చేశాడు.

ఆయన బయలుదేరేనాటికి శేషగిరి గర్భవతి. తండ్రి దేశాంతరంలో ఉండగా కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ ఏడాది నిండకముందే అంటువ్యాధితో కన్నుమూశాడు. సుబ్బారావు తన కుమారుని ఒక్కసారైనా చూడలేదు. ఆయన తిరిగి స్వదేశానికి రాలేదు, శేషగిరి అమెరికాకు వెళ్ళలేదు. ఆ దంపతులు మరల కలుసుకోలేదు. తల్లుల, శిశువుల ప్రాణాలు నిలిపే మందులకు మూలమైన పరిశోధనలు నడిపిన వ్యక్తి కుటుంబజీవితం ఈ విధంగా గడిచింది.

హార్వర్డులో పరిశోధనలు

హార్వర్డు వైద్య పాఠశాలలో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే వద్ద సుబ్బారావు పరిశోధకుడుగా చేరాడు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగు ఆధారంగా లెక్కగట్టే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇది జీవరసాయన శాస్త్ర విద్యార్థుల పాఠాలలో చేరింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని కండరాలలో కనుగొన్నారు. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నాడు. కండరం సంకోచించడానికి కావలసిన శక్తి ఏటీపీ నుండి లభిస్తుంది. ప్రసవవేళ నొప్పులతో గర్భసంచి సంకోచించడానికి కూడా ఈ శక్తే ఆధారం.

1930లో సుబ్బారావు పీహెచ్.డీ. పట్టా పొందాడు. ఆ తరువాత కాలేయం నుండి తీసిన సారంలో రక్తహీనతను నయం చేసే పదార్థమేదో వేరుచేసే పనిలో నిమగ్నుడయ్యాడు. పరిశోధనలలో పేరు వచ్చినప్పటికీ హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం లభించలేదు. 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ అనే కంపెనీకి చెందిన మందుల తయారీ సంస్థ. రెండేళ్ళకు అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యాడు.

గర్భిణులలో రక్తహీనత - లూసీ విల్స్ కృషి

సుబ్బారావు హార్వర్డులో ఉన్న కాలంలోనే ఆయన విడిచివచ్చిన దేశంలో ఈ సమస్యపై మరొక ముఖ్యమైన పరిశోధన జరిగింది. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలలో కొందరికి గర్భం ధరించిన తరువాత తీవ్రమైన రక్తహీనత వచ్చేది. ఇనుము లోపం వలన వచ్చే రక్తహీనతలో ఎర్రరక్తకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. ఈ స్త్రీలలో అందుకు భిన్నంగా ఎర్రరక్తకణాలు మామూలు కంటె పెద్దవిగా ఉండేవి. ఇనుము ఇచ్చినా గుణం కనిపించేది కాదు. తల్లి ప్రసవానికి ముందో తరువాతో మరణించడం, నెలలు నిండని కాన్పు కావడం జరిగేవి.

దీని కారణం తెలుసుకోవడానికి ఇంగ్లండు నుండి లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928లో భారతదేశానికి వచ్చింది. బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థలో పనిచేసింది. రోగుల ఇళ్ళలో ఆహారం ఎలా ఉన్నదో గమనించింది. పాలు, మాంసం, కూరగాయలు తక్కువగా తినే స్త్రీలకే ఈ జబ్బు ఎక్కువగా వస్తున్నదని తేలింది. ఎలుకలపై చేసిన ప్రయోగాలలో మొదట పొరపాటు జరిగింది. వాటికి వచ్చిన రక్తహీనతలో కొంత ఆహారలోపం వలన కాక, పేల ద్వారా సోకే సూక్ష్మజీవి వలన వచ్చినదని తరువాత తెలిసింది. కోతులపై చేసిన ప్రయోగాలలో ఆహారలోపం పాత్ర స్పష్టమైంది. మార్మైట్ అనే చవకైన ఈస్టు సారం తినిపించగా కోతులలోను, గర్భిణులలోను రక్తం త్వరగా వృద్ధి చెందింది. 1931లో ఆమె ఈ ఫలితాలను ప్రకటించింది. ఆ సంవత్సరంలోనే ఆమె మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. ట్రిప్లికేన్‌లో నేడు కస్తూర్బా గాంధీ ఆసుపత్రిగా పిలువబడుతున్నది అదే.

ఈస్టు సారంలోని ఆ పదార్థమేమిటో విల్స్‌కు తెలియదు. అందువలన దానిని విల్స్ అంశం అని వ్యవహరించారు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుండి సూక్ష్మజీవులు పెరగడానికి తోడ్పడే ఒక పదార్థాన్ని అతి స్వల్పంగా తీయగలిగారు. ఆకులో దొరికింది కనుక లాటిన్ భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకుకూర నుండి ఇంత తక్కువ లభించే పదార్థంతో రోగులకు చికిత్స చేయడం సాధ్యం కాదు. దాని నిర్మాణాన్ని తెలుసుకొని రసాయనికంగా తయారు చేయవలసి ఉంది.

ఫోలిక్ ఆమ్లం తయారీ

ఈ పనిని లెడర్లీ శాస్త్రవేత్తలు పూర్తిచేశారు. సుబ్బారావు నేతృత్వంలోని బృందం కాలేయం నుండి, సూక్ష్మజీవుల నుండి ఈ పదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారు చేయగలిగింది. మరుసటి సంవత్సరం దాని నిర్మాణాన్ని వివరిస్తూ ప్రకటించిన పత్రంలో 16 మంది రచయితలున్నారు. వారిలో సుబ్బారావు పేరు ఏడవది. ఇది సమష్టి కృషి ఫలితమన్న సంగతి దీనిని బట్టి తెలుస్తుంది. వేర్వేరు శాస్త్రాలకు చెందిన వారిని ఒక లక్ష్యం వైపు నడిపించడం డైరెక్టరుగా సుబ్బారావు పాత్ర.

అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ ఈ కృత్రిమ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో పెద్దకణాల రక్తహీనత గల రోగులకు ఇచ్చి సత్ఫలితాలు సాధించాడు. గర్భిణులలో వచ్చే రక్తహీనతకు ఇది మందు అయింది. క్యూబాలో స్ప్రూ రోగులకు ఇవ్వగా వారు కూడా కోలుకున్నారు. సోదరుల మరణం చూసి మందు కోసం బయలుదేరిన సుబ్బారావు ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ మందును చూడగలిగాడు.

ఫోలిక్ ఆమ్లానికి ఒక పరిమితి ఉంది. పెర్నీషియస్ అనీమియా అనే మరొక రక్తహీనతలో ఇది రక్తాన్ని వృద్ధి చేసినా, నరాలకు కలిగే నష్టాన్ని ఆపలేదు. ఆ వ్యాధికి మూలం బి12 విటమిను లోపమని 1948లో ఆ విటమిను లభించిన తరువాత స్పష్టమైంది. సుబ్బారావు కాలేయంలో మొదట వెదకినది ఈ వ్యాధికి మందునే. దానిని వెదకుతూ ఉండగా ఆయన బృందానికి ఫోలిక్ ఆమ్లం దక్కింది.

గర్భిణికి ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా ఎందుకు కావాలో తెలుసుకుంటే తరువాతి పరిశోధనలన్నీ సులభంగా అర్థమవుతాయి. ప్రతి కణం రెండుగా విభజన చెందేముందు తనలోని డీఎన్ఏకు నకలు తయారు చేసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. గర్భంలో పిండం, మాయ, గర్భసంచి, తల్లి రక్తం అన్నీ ఏకకాలంలో పెరుగుతుంటాయి. విటమిను చాలకపోతే ఎముక మజ్జలోని కణాలు సకాలంలో విభజన చెందలేక పెద్దవిగానే మిగిలిపోతాయి. రక్తంలో పెద్దకణాలు కనిపించడానికి కారణమిదే.

ఫోలిక్ ఆమ్లానికి విరోధులు

కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానిని అడ్డుకొనడం ద్వారా హద్దు లేకుండా పెరిగే కాన్సరు కణాలను అరికట్టవచ్చుననే ఆలోచన పుట్టింది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇచ్చినపుడు వ్యాధి మరింత వేగంగా ముదిరినట్లు గమనించాడు. ఫోలిక్ ఆమ్లం వలెనే ఉండి దాని పనిని చెడగొట్టే పదార్థాలను సుబ్బారావు బృందం ఆయనకు తయారుచేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన పత్రం ప్రకారం మందు తీసుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. కాన్సరుకు మందులతో చికిత్స చేయడంలో ఇది తొలి మెట్లలో ఒకటి. అదే వర్గానికి చెంది, దానికంటె సురక్షితమైన మరొక మందు అమెథోప్టెరిన్. ఇదే తరువాత మెథోట్రెక్సేట్ పేరుతో ప్రసిద్ధి పొందింది.

ముత్యాల గర్భం, మాయకు వచ్చే కాన్సరు

ఫలదీకరణలో కలిగే లోపం వలన ఒక్కొక్కప్పుడు గర్భసంచిలో బిడ్డ పెరగదు. మాయలోని భాగాలు మాత్రం నీటిబుడగలుగా మారి ద్రాక్షగుత్తి వలె పెరుగుతాయి. దీనిని ముత్యాల గర్భం అంటారు. పాశ్చాత్య దేశాలలో సుమారు వెయ్యి గర్భాలలో ఒకటి ఇటువంటిది. ఆసియాలోని కొన్ని ప్రాంతాలలో ఇంకా ఎక్కువ. నెలలకు మించి పొట్ట పెరగడం, విపరీతమైన వాంతులు, రక్తస్రావం దీని లక్షణాలు. గర్భసంచిని శుభ్రం చేసిన తరువాత చాలామంది కోలుకుంటారు. కొందరిలో మాత్రం మాయకణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకొనిపోతాయి, లేదా కోరియోకార్సినోమా అనే కాన్సరుగా మారుతాయి. ఈ కాన్సరు మామూలు కాన్పు తరువాతగాని, గర్భస్రావం తరువాతగాని కూడా రావచ్చును. పాశ్చాత్య దేశాలలో సుమారు 40 వేల గర్భాలలో ఒకరికి మాత్రమే కనిపించే ఈ వ్యాధి ఊపిరితిత్తులకు, మెదడుకు వేగంగా వ్యాపిస్తుంది. 1950ల మధ్యకాలం వరకు ఈ విధంగా వ్యాపించిన తరువాత బ్రతికినవారు చాలా అరుదు. బిడ్డను కన్న కొద్ది నెలలకే తల్లి మరణించేది.

ఈ వ్యాధి చికిత్సకు మెథోట్రెక్సేట్ దారి చూపింది. ఆడ కోడిపిల్లలలో హార్మోను ప్రభావం వలన జననాంగాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరమని అమెరికా శాస్త్రవేత్త రాయ్ హెర్ట్జ్ అంతకుముందే గమనించాడు. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో ఆయనతో పనిచేసిన చైనా దేశీయుడైన వైద్యుడు మిన్ చియు లీ 1955లో కోరియోకార్సినోమా రోగికి మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. 1956లో వారు తమ ఫలితాలను ప్రకటించారు. ఊపిరితిత్తులలోని గడ్డలు కరిగిపోయాయి. ఒక అవయవంలో గడ్డగా పెరిగి ఇతర భాగాలకు వ్యాపించిన కాన్సరు మందులతో పూర్తిగా నయం కావడం అదే మొదటిసారి.

మాయకణాలు స్రవించే హెచ్‌సీజీ అనే హార్మోను రోగి మూత్రంలో ఏమాత్రం మిగిలి ఉన్నా మందు ఆపరాదని లీ వాదించాడు. గడ్డలు కనిపించని రోగులకు కూడా మందు కొనసాగించడం పై అధికారులకు నచ్చలేదు. లీ ఆ సంస్థను విడిచిపెట్టవలసి వచ్చింది. కాలం గడిచిన తరువాత ఆయన పద్ధతిలో చికిత్స పొందినవారే వ్యాధి తిరగబెట్టకుండా జీవించారు. 1972లో లీ, హెర్ట్జ్ ఇద్దరూ లాస్కర్ పురస్కారం అందుకొన్న వారిలో ఉన్నారు. వ్యాధి తక్కువ తీవ్రతలో ఉండగా చికిత్స మొదలుపెడితే ఇప్పుడు దాదాపు అందరికీ నయమవుతున్నది. గర్భసంచిని తీసివేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు కనుక చాలామంది ఆ తరువాత ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నారు. ముత్యాల గర్భం వచ్చిన స్త్రీ తరువాత కొన్ని నెలలపాటు హెచ్‌సీజీ పరీక్షలు చేయించుకొంటూ ఉండాలని వైద్యులు చెప్పేది ఇందువల్లనే.

గర్భసంచి వెలుపలి గర్భం

పిండం గర్భసంచిలో కాక అండవాహికలో నాటుకొంటే, అది పెరిగేకొద్దీ నాళం పగిలి కడుపులో రక్తస్రావమవుతుంది. పూర్వం శస్త్రచికిత్స తప్ప దీనికి వేరే మార్గం ఉండేది కాదు. అండవాహిక గర్భసంచి గోడలో ప్రవేశించేచోట గర్భం నిలవడం వీటిలో అరుదైనది, మిక్కిలి ప్రమాదకరమైనది. ఇటువంటి ఒక కేసులో మెథోట్రెక్సేట్‌తో చికిత్స చేసిన విషయాన్ని జపాన్ వైద్యులు 1982లో ప్రకటించారు. నాళం పగలకముందే గుర్తించిన సందర్భాలలో, రోగి పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడు, ఈ మందు వాడి శస్త్రచికిత్సను తప్పించడం ఆ తరువాత అన్ని దేశాలలోను ఆచరణలోకి వచ్చింది. కాన్సరు కణాల వలె మాయకణాలు కూడా వేగంగా విభజన చెందేవి కావడమే ఈ మందు పనిచేయడానికి కారణం. మందు వాడిన తరువాత హెచ్‌సీజీ పూర్తిగా తగ్గేవరకు పరీక్షలు చేస్తారు.

శిశువు వెన్నుపాము లోపాలు

ఫోలిక్ ఆమ్లం విరోధి మందులు మరొక సత్యాన్ని కూడా బయటపెట్టాయి. ప్రాణాపాయం వలన గర్భం తొలగించవలసిన స్త్రీలకు అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలు 1952లో వెలువడ్డాయి. మందు పనిచేయక గర్భం నిలిచిన సందర్భాలలో శిశువులకు తల ఎముకలలోను, ఇతర అవయవాలలోను వైకల్యాలు కనిపించాయి. తొలివారాలలో శిశువు రూపొందడానికి ఫోలిక్ ఆమ్లం ఎంత అవసరమో దీనివలన తెలిసింది. గర్భవతులకు మెథోట్రెక్సేట్ నిషిద్ధం కావడానికి కారణం కూడా ఇదే.

శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడవలసిన నాడీనాళం గర్భం ధరించిన నాలుగు వారాలలోపే మూసుకొంటుంది. అది సరిగా మూసుకొనకపోతే వెన్ను చీలికతోగాని, పుర్రె, మెదడు లేకుండాగాని బిడ్డ పుడుతుంది. ఇటువంటి బిడ్డలను కన్న తల్లులలో ఫోలిక్ ఆమ్లం లోపం ఎక్కువగా ఉన్నట్లు బ్రిటిష్ వైద్యులు 1965లో గుర్తించారు. 1991లో ఏడు దేశాలలోని 33 కేంద్రాలలో జరిగిన అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. అంతకుముందు ఇటువంటి బిడ్డను కన్న స్త్రీలు గర్భానికి ముందునుండే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే, ఆ లోపం మరల కలిగే అవకాశం 72 శాతం తగ్గుతుందని తేలింది. నెల తప్పిన సంగతి తెలిసేసరికే నాడీనాళం మూసుకొనే కాలం దాదాపు గడిచిపోతుంది. అందువలన గర్భం కోరే స్త్రీలు ముందుగానే ఫోలిక్ ఆమ్లం ప్రారంభించాలి. 1998 నుండి అమెరికాలో పిండిపదార్థాలలో దీనిని తప్పనిసరిగా కలుపుతున్నారు. భారతదేశంలో 1970లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం ద్వారా గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. 2018లో మొదలైన కార్యక్రమం ప్రకారం ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.

ఇతర పరిశోధనలు

సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న కాలంలో లెడర్లీ నుండి మరికొన్ని ముఖ్యమైన మందులు వెలువడ్డాయి. 1947లో హెట్రజాన్ అనే బోదకాలు మందును ప్రకటించారు. డైఇథైల్ కార్బమజైన్ అనే ఈ మందు బోదకాలు ఎక్కువగా ఉన్న గోదావరి జిల్లాలవారికి బాగా పరిచితమైనది. సామూహికంగా మాత్రలు పంచే కార్యక్రమాలలో గర్భిణులకు దీనిని ఇవ్వరు. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను సుబ్బారావు విభాగంలోనే వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్ కనుగొన్నాడు. దీనిని 1948లో ప్రకటించారు. ఈ మందు కనుగొన్న గౌరవాన్ని కొన్ని రచనలలో సుబ్బారావుకు ఆపాదించడం జరుగుతున్నది. ఆయన పరిశోధనకు వసతులు కల్పించి ప్రోత్సహించిన నాయకుడు అనడం సమంజసం.

మరణం

1948 ఆగష్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో అమెరికాలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఫార్బర్ పత్రం వెలువడి రెండు నెలలు మాత్రమే అయింది. కోరియోకార్సినోమాకు మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని తెలియడానికి ఇంకా ఏడేళ్ళు, ఫోలిక్ ఆమ్లం శిశువుల వైకల్యాలను నివారిస్తుందని రుజువు కావడానికి 43 ఏళ్ళు పట్టింది.

గుర్తింపు

సుబ్బారావు జీవించి ఉన్న కాలంలో ఆయనకు చెప్పుకోదగిన ప్రచారం రాలేదు. ఆయన కూడా ప్రచారాన్ని కోరుకొనలేదు. లెడర్లీ శాస్త్రవేత్తలు 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఒకటి గర్భాన్ని నిలబెట్టడానికి, మరొకటి దారితప్పిన గర్భం నుండి తల్లిని కాపాడడానికి ఉపయోగపడుతున్నాయి. భీమవరంలో పుట్టిన వ్యక్తి నడిపిన ప్రయోగశాలలో రెండూ రూపుదిద్దుకొన్న సంగతి, ప్రతి నెలా ఈ మాత్రలు అందుకొనే గోదావరి జిల్లాల గర్భిణులలో చాలామందికి తెలియదు.